‘కోయరోగం’: ఒక పేరు వెనుక చరిత్ర

రోగానికి పొరుగువాడి పేరు పెట్టడం మనిషికి పాత అలవాటు. పదహారవ శతాబ్దంలో భావమిశ్రుడు తన ‘భావప్రకాశం’లో ఒక కొత్త జబ్బును వర్ణించి దానికి ఫిరంగరోగమని పేరు పెట్టినాడు. ఫిరంగులంటే ఐరోపావారు, అందులోనూ మన తీరాలకు ముందుగా వచ్చిన పోర్చుగీసువారు. అదే జబ్బును ఫ్రాన్సువారు నేపుల్సు జబ్బన్నారు, ఇటలీవారు ఫ్రెంచి జబ్బన్నారు. మన తెలుగులో సవాయి అన్నాము. ఎవరింటి ముందరి చెత్తను వారు పక్కింటి వాకిట్లోకి ఊడ్చినట్టు సాగింది ఈ నామకరణం.

ఆ జబ్బుకు ఒక దాయాది ఉన్నది. ఆంగ్ల వైద్యులు దానిని యాస్ అంటారు. సింహళంలో దాని పేరు పరంగి. బస్తరు వైపు దానిని మాడియా రోగమని, గోండి రోగమని పిలిచినారు. మన గోదావరి ఒడ్డున అది ‘కోయరోగం’ అయినది. ఇక్కడ నామకరణం దిక్కు మారిందని గమనించండి. సముద్రం దాటి తుపాకులతో వచ్చినవాడి పేరు కాదిది. అడవిలో తన మానాన తాను బతుకుతున్నవాడి పేరును మైదానపువాడు తీసి జబ్బుకు తగిలించినాడు. పేరు పెట్టినవాడికి కలం ఉన్నది, పెట్టించుకున్నవాడికి లేదు. అంతే తేడా.

నేను తెలుగు పండిత శిక్షణ పొందినవాణ్ణి. వైద్యం నా శాస్త్రం కాదు. ఏటూరునాగారం ప్రాంతంలో, అటు తరువాత గోదావరికి ఆవలి ఒడ్డున వెంకటాపురం వైపు బడులలో, మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు గుణింతాలూ ఛందస్సూ చెప్పినాను. ఈ మాట మీద ఆసక్తి మొదట మాటగానే కలిగినది. ఆ తరువాత, ఆ మాట మోసిన కాళ్ళను చూసినాను.

ముందు జబ్బు సంగతి చెప్పుకుందాము. దీనికి కారణం ట్రెపొనీమా పాలిడమ్ పెర్టెన్యూ అనే మరమేకు ఆకారపు సూక్ష్మజీవి. 1905లో సింహళంలో పనిచేస్తున్న ఇటలీ వైద్యుడు ఆల్డో కాస్టెల్లానీ దీనిని కనిపెట్టినాడు. అదే సంవత్సరం జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు సవాయికి కారణమైన క్రిమిని కనుక్కున్నారు. సూక్ష్మదర్శినిలో ఈ రెంటికీ తేడా కనబడదు. జన్యువుల లెక్కలో చూసినా వెయ్యింట రెండు వంతులకు మించిన భేదం లేదు. అయినా నడవడిలో హస్తిమశకాంతరం. సవాయి సుఖవ్యాధి, తల్లి గర్భంలోని బిడ్డకూ సోకుతుంది. యాస్‌కు ఆ రెండు గుణాలూ లేవు. అది పసిపిల్లల జబ్బు. గీసుకుపోయిన చర్మానికి మరొక పిల్లవాడి పుండు తగిలితే చాలు, సోకుతుంది. రోగుల్లో నూటికి డెబ్భై అయిదుగురు పదిహేనేళ్ళ లోపువారే. తడి, వేడి, ఒంటి మీద బట్ట తక్కువ, సబ్బూ నీళ్ళూ తక్కువ, ఇరుకు గుడిసెలో నలుగురు పిల్లలు ఒకే గొంగడి కింద పడుకోవడం, ఇంతే దానికి కావలసినది. బాట ఎక్కడ ఆగిపోతుందో యాస్ అక్కడ మొదలవుతుందని వైద్యుల్లో ఒక నానుడి ఉన్నది. భూగోళం మీద చూస్తే కర్కట, మకర రేఖల నడుమనున్న తేమ అడవులన్నిటా, ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా, ఇది ఒకప్పుడు ఉన్నదే. కోయవారికి ప్రత్యేకంగా దీనితో చుట్టరికమేమీ లేదు. మన దేశంలో 1887లో దీనిని మొదట నమోదు చేసినది అస్సాం తేయాకు తోటల కూలీలలో. ఆ లెక్కన ‘తేయాకు రోగ’మని ఎవరూ ఎందుకు అనలేదో ఆలోచించండి. తోటకు యజమాని ఉన్నాడు కదా.

క్రిమి సోకిన మూడు వారాలకు అటూ ఇటుగా, సోకిన చోట ఒక పొక్కు లేస్తుంది. అది పెరిగి పండిన పండులా గరుకుగా, ఎర్రగా, పైన పసుపు పొలుసుతో ఉంటుంది. ఫ్రెంచి వైద్యులకు అది చూస్తే వారి దేశపు ఎర్రటి చిన్నపండు జ్ఞాపకం వచ్చి ఫ్రాంబీసియా అన్నారు. దీనిని తల్లి పుండు అంటారు. అది నెలల మీద మానిపోతుంది, రోగం పోయిందనుకుంటారు. తరువాత ఒళ్ళంతా పిల్ల పుళ్ళు లేస్తాయి. అరికాళ్ళలో లేచినప్పుడు చర్మం గట్టిపడి పగుళ్ళిచ్చి, అడుగు ఆనించలేక పిల్లలు పాదాల అంచుల మీద, మడమల మీద పీతలవలె పక్కకు నడుస్తారు. ఆ నడకకు వైద్యగ్రంథాల్లోనూ పీత పేరే ఉన్నది.

నాకు ముఖ్యమనిపించినది దీని తరువాతి భాగం, ఎముకలకూ కీళ్ళకూ సంబంధించినది. ఈ క్రిమి చర్మంతో ఆగదు. రక్తం వెంట పోయి ఎముక పైపొరలో కూర్చుంటుంది. చిన్నపిల్లల వేళ్ళు కణుపు కణుపునా ఉబ్బి అరటికాయల్లా అవుతాయి. ముంజేతి ఎముకలు, మోకాటి కింది పెద్ద ఎముక రాత్రిపూట సలుపుతాయి. ఆ పెద్ద ఎముక వాపు ఏళ్ళ తరబడి సాగితే అది ముందుకు వంగి కత్తివాదర ఆకారం దాలుస్తుంది. మోకాలు, మోచేయి, చీలమండల దగ్గర చర్మం కింద గట్టి గడ్డలు కడతాయి. చికిత్స లేక వదిలేసినవారిలో నూటికి పదిమందికి, అయిదేళ్ళ తరువాతనో ఇంకా ఆలస్యంగానో, ఎముకలను తినే దశ వస్తుంది. ముక్కు కూలిపోవడం, అంగిలి చిల్లిపడడం అప్పటివే.

కండరాల మాట ఇక్కడే చెప్పాలి. క్రిమి నేరుగా కండరాన్ని కొరుకుతుందని కాదు. కీలు నొప్పిగా ఉన్నప్పుడు మనిషి దానిని ఏ భంగిమలో నొప్పి తక్కువో ఆ భంగిమలోనే ఉంచుకుంటాడు. మోకాలైతే కొంచెం వంచి ఉంచుతాడు, ఎందుకంటే లోపల చేరిన నీరు పట్టడానికి ఆ భంగిమలోనే చోటు ఎక్కువ. వారాలు, నెలలు అట్లా గడిస్తే తొడ వెనుక కండరాలు ఆ పొడవుకే అలవాటుపడి కుదించుకుపోతాయి. తొడ ముందరి కండరం పని లేక ఎండిపోతుంది. కీలు మీది పుండు మానుతూ చర్మాన్ని ముడుచుకుంటుంది. జబ్బు పోయినా కాలు చాచడం కుదరదు. అడవిలో బతికేవాడికి కాలు చాచలేకపోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు: ఇప్పపువ్వు ఏరలేడు, తునికాకు కట్ట మోయలేడు, వాగు దాటలేడు.

మన ప్రాచీనులకు కీళ్ళ వాపుల సంగతి బాగానే తెలుసు. సుశ్రుతుడు వాతవ్యాధుల్లో క్రోష్టుకశీర్షమని ఒక వ్యాధిని చెప్పినాడు. క్రోష్టుకమంటే నక్క. మోకాలు ఉబ్బి, చూడబోతే నక్కతల వలె ఉంటుందని ఆ పేరు. ఎంత నిశితమైన దృష్టి చూడండి! ఉబ్బిన కీలును ఆ ఒక్క ఉపమ పట్టుకున్నది. పండితుడిగా నాకు ఇటువంటి పేరు మీద మోజు. రోగాన్ని రోగంగా చూసి పెట్టిన పేరు అది, రోగి కులాన్ని చూసి పెట్టినది కాదు.

ఇక ఈ ప్రాంతపు చరిత్రకు వస్తాను. ఏటూరునాగారం నేడు ములుగు జిల్లాలో ఉన్నది. 2016 వరకు వరంగల్లు జిల్లా, ఆ తరువాత 2019 ఫిబ్రవరి వరకు భూపాలపల్లి జిల్లా. అంతకు మునుపు నిజాం రాజ్యం. గోదావరికి ఆవలి ఒడ్డున వాజేడు, వెంకటాపురం ఉన్న నూగూరు తాలూకా మాత్రం నిజాముది కాదు. అది ఆంగ్లేయుల మధ్యపరగణాలలో ఉండేది, 1909లో మద్రాసు రాజధానిలో కలిసినది, 1959లో ఖమ్మం జిల్లాలో చేరినది, ఇప్పుడు తిరిగి ఇవతలి ఒడ్డుతో కలిసి ములుగు జిల్లాలో ఉన్నది. అంటే ఒకే కోయ కుటుంబంలో అక్క ఈ ఒడ్డున నిజాం ప్రజ, చెల్లెలు ఆ ఒడ్డున తెల్లదొర ప్రజ. ఏరు సన్నబడగానే ఇసుక మీద నడిచి పెళ్ళిళ్ళకు పోతారు, మేడారం జాతరకు వస్తారు. పిల్లలు కలిసి పడుకుంటారు. క్రిమికి సరిహద్దు లేదు, సర్కారు దవాఖానకు మాత్రం ఉన్నది. ముల్లకట్ట దగ్గర వంతెన పడక ముందు నేను కూడా ఆ ఏరు పడవ మీద దాటినవాణ్ణే. వానాకాలంలో ఆవలి ఒడ్డు ఎంత దూరమో నాకు తెలుసు.

1940లలో హైదరాబాదు రాజ్యంలో గిరిజనుల మధ్య తిరిగిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోదావరి కొండల రెడ్ల మీద 1945లో వెలువరించిన గ్రంథంలో యాస్ జబ్బును ప్రస్తావించినాడు. కోయవారి పక్కనే ఉండే కొండరెడ్లకూ ఇది ఉన్నదన్న మాట. అప్పుడు కూడా దీని పేరు ‘రెడ్డిరోగం’ కాలేదు, గమనించండి. మైదానంలో రెడ్డి అన్న మాటకున్న బరువు అడ్డుపడి ఉంటుందని నా ఊహ.

ఆ రోజుల్లో మందంటే పాషాణపు మందు. పాల్ ఎర్లిక్ కనిపెట్టిన సాల్వర్సాన్ 1910లో వాడుకలోకి వచ్చింది. సవాయికి తయారైన ఆ మందు దాయాది అయిన యాస్ మీద ఇంకా బాగా పనిచేసినది. పుళ్ళు కళ్ళెదుటే ఎండిపోయేవి. పసిఫిక్ దీవుల నుంచి ఆఫ్రికా దాకా ‘సూది’ అన్న దాని మీద అడవి జనానికి గురి కుదిరినది ఇప్పుడే. దీనికి ఒక చేదు కథ కూడా ఉన్నది. 1930లలో సమోవా దీవుల్లో యాస్‌కు ఈ పాషాణపు సూదులు వేస్తున్నారు. అదే సమయంలో అక్కడ పోలియో వ్యాపించింది. సూది వేయించుకున్న పిల్లల్లో, సూది పొడిచిన ఆ కాలే చచ్చుబడడం లాంబర్ట్ అనే వైద్యుడు గమనించి 1936లో ప్రకటించినాడు. కండరంలో సూది చేసిన గాయం, రక్తంలో తిరుగుతున్న పోలియో విషక్రిమికి ఆ నరం వెంట వెన్నులోకి దారి చూపుతుందని 1990ల చివర గాని ప్రయోగపూర్వకంగా తేలలేదు. కీళ్ళ జబ్బుకు వేసిన మందు కండరాన్ని చంపిన ఉదంతం ఇది. మందు తప్పు కాదు, వేళ తప్పు.

ఆ తరువాత పెనిసిలిన్ వచ్చింది. నూనెలో కలిపి, ఒంట్లో నెమ్మదిగా కరిగేటట్టు చేసిన పెనిసిలిన్ ఒక్క సూదితో యాస్‌ను నయం చేస్తుందని తేలడంతో వైద్యశాస్త్రం సైన్యంలా కదిలింది. 1950లో హైతీలో మొదలుపెట్టి, 1952 నుంచి 1964 వరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 46 దేశాలలో 30 కోట్ల మందిని పరీక్షించి, 5 కోట్ల మందికి చికిత్స చేసినాయి. జబ్బు నూటికి తొంభై అయిదు వంతులు తగ్గినది. మన దేశంలోనూ ఆ సంవత్సరాలలోనే ఒరిస్సా, మధ్యప్రదేశ్, ఆంధ్ర ప్రాంతపు గిరిజన తావులలో ఈ కార్యక్రమం నడిచింది. అదే కాలంలో, ఆ రెండు సంస్థల తోడ్పాటుతోనే, 1954లో పూనా పక్కన పింప్రీలో ప్రభుత్వం పెనిసిలిన్ కర్మాగారాన్ని స్థాపించింది. పెనిసిలిన్ పడనివారికి టెట్రాసైక్లిన్ జాతి మందులు ఇస్తారు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలో వెలువడినది. ఆ యేడే ఆయన గతించినారు.

నేను బడిలో చేరిన 1980ల నడిమి నాటికి గూడేలలో ముసలివారు కొందరికి వంగిన కాళ్ళుండేవి. ఒక పెద్దాయనను జ్ఞాపకం చేసుకుంటాను. రెండు కాళ్ళూ మోకాటి కింద విల్లుల్లా ముందుకు వంగి ఉండేవి, కుడి చేతి రెండు వేళ్ళు పొట్టిగా, వంకరగా ఉండేవి. వాకిట్లో కూచుని వెదురు చీల్చి తట్టలల్లేవాడు. ఆ రెండు వేళ్ళను వాడకుండానే అల్లిక ఎంత బిగువుగా ఉండేదో చెప్పలేను. కాళ్ళేమైనాయి పెద్దయ్యా అని అడిగినాను ఒకనాడు.

“చిన్నప్పుడు పుండ్లు లేసినయి సారూ. మా గూడెంలో పోరగాండ్లందరికీ లేసినయి. మా అన్నకు ముక్కు పోయింది. సూది డాక్టరు వచ్చి వరసగా నిలవెట్టి సూది ఏసిండు. వారానికి పుండ్లు ఎండినయి. కాళ్ళు ఒంగినవి ఒంగినట్టే ఉండె.”

కోయరోగమంటారు కదా దానిని అన్నాను. ఆయన తట్ట పక్కన పెట్టి నా ముఖం చూసి, “మేం అట్ల అనం సారూ, మీరే అంటరు” అన్నాడు. కోపంగా అనలేదు. బడిలో పిల్లవాడి అక్షరదోషం దిద్దినట్టు అన్నాడు. ఆ తరువాత నేను ఆ మాటను ఉల్లేఖన చిహ్నాలు లేకుండా వాడలేదు.

సూది మహిమ ఇంత కళ్ళకు కట్టినందున, దాని ఫలితం మరొకటి కూడా జరిగింది. దగ్గుకూ సూదే, కడుపునొప్పికీ సూదే, నీరసానికీ సూదే కావాలని జనం అడగడం మొదలుపెట్టినారు. గ్లాసు సిరంజీని వేడినీటిలో ఒకసారి ముంచి పదిమందికి వాడే ఊరి వైద్యులకు కొదవ లేదు. సూది వేసిన చోట చీముగడ్డలు కట్టేవి. పసిపిల్లల తొడలో మళ్ళీ మళ్ళీ సూదులు పొడిస్తే ఆ కండరం నారలా మారి మోకాలు మడవడం కుదరకుండా పోతుంది. 1970లలో జపాన్ వంటి దేశంలోనే వేలాది పిల్లలకు ఇట్లా అయి పెద్ద గొడవ జరిగింది. యాస్‌లో మోకాలు చాచలేడు, ఈ సూదుల గాయంలో మోకాలు మడవలేడు.

1964 తరువాత జరిగినది మన ప్రభుత్వ చరిత్రలో చాలాసార్లు చూసే కథ. తొంభై అయిదు వంతులు తగ్గింది కాబట్టి పని అయిపోయిందనుకున్నారు. ప్రత్యేక బృందాలను ఎత్తివేసి మిగిలిన పనిని స్థానిక ఆరోగ్యకేంద్రాలకు అప్పగించినారు. ఆ కేంద్రాలు ఉన్నచోట యాస్ లేదు, యాస్ ఉన్నచోట ఆ కేంద్రాలు లేవు. ఇందులో ఒక శాస్త్రీయమైన చిక్కు కూడా ఉన్నది. పుండు కనబడే ఒక్క పిల్లవాడి చుట్టూ, పుండు కనబడకుండా రక్తంలో క్రిమి దాగి ఉన్న పిల్లలు పలువురుంటారు. కనబడినవాడికే సూది వేసి పోతే, దాగినవారిలో ఒకడికి రెండేళ్ళ తరువాత పుళ్ళు తిరగబెడతాయి. మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే గూడెంలో నూటికి పదిమందికి మించి జబ్బుంటే అందరికీ, అయిదు నుంచి పదిమందికైతే పిల్లలందరికీ, వారితో మెలిగినవారికీ సూది వేయాలని నియమం పెట్టుకున్నారు. నియమం మంచిదే. వేసేవాడు గూడెం దాకా పోవాలి కదా. 1970ల చివరికి ఆఫ్రికాలోనూ, మన దేశంలోనూ జబ్బు మళ్ళీ తల ఎత్తింది. 1978లో ప్రపంచ ఆరోగ్య మహాసభ దీని మీద ప్రత్యేకంగా తీర్మానం చేయవలసి వచ్చింది.

మన దేశంలో రెండవ విడత పోరాటం 1996లో ఒరిస్సాలోని కోరాపుట్ జిల్లాలో మొదలైనది. ఢిల్లీలోని జాతీయ సంక్రామిక వ్యాధుల సంస్థ దీనికి సూత్రధారి. 1999 నుంచి పది రాష్ట్రాలకు విస్తరించినారు, అందులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈసారి పద్ధతి మారినది. ఏడాదికి రెండుసార్లు ఇల్లిల్లూ తిరిగి వెదకడం, పదేళ్ళ లోపు పిల్లలకు ఆరు లక్షల యూనిట్లు, పైవారికి పన్నెండు లక్షల యూనిట్ల బెంజథీన్ పెనిసిలిన్ ఒకే సూదిగా వేయడం, ఆ ఇంటివారికీ ఆడుకునే తోటివారికీ కూడా వేయడం. పుండ్ల బొమ్మల కార్డులు సంతల్లో, బడుల్లో చూపించి ఇట్లాంటివి ఎక్కడైనా చూసినారా అని అడగడం. వెంకటాపురం వైపు మా బడికి కూడా ఒకసారి ఆ బొమ్మల కార్డు వచ్చింది. పిల్లలు గజ్జినీ తామరనూ చూపించి ఇదే ఇదే అని అరిచినారు. వచ్చిన ఆరోగ్య కార్యకర్త విసుగుపడకుండా ప్రతి పిల్లవాడి మోచేతులూ మోకాళ్ళూ తిప్పి చూసినాడు. యాస్ దొరకలేదు. దొరకకపోవడమే అతని పని సాఫల్యమని, దొరకదని తెలిసి కూడా వెదకడం ఎంత ఓర్పు గల పనో అప్పుడు తట్టింది. భరిణె పోయిందని వెదకడం వేరు, పాము లేదని రుజువు చేయడానికి ఇల్లంతా వెదకడం వేరు.

1996లో దేశమంతటా 3500కు పైగా ఉన్న రోగులు 2004 నాటికి సున్నా అయినారు. 2006 సెప్టెంబరు 19న యాస్‌ను తొలగించినట్టు భారత ప్రభుత్వం ప్రకటించింది. అంతటితో ఆగలేదు. 1964 నాటి పాఠం ఈసారి జ్ఞాపకం ఉన్నది. ఏడాది నుంచి అయిదేళ్ళ పిల్లల రక్తం తీసి పరీక్షించడం 2009 నుంచి 2011 దాకా సాగింది. పెద్దవారి రక్తం ఎందుకు తీయలేదంటే, ఆ పరీక్షలో పాత యాస్‌కూ సవాయికీ తేడా తెలియదు, ఒకసారి పట్టిన గుర్తు ఏళ్ళ తరబడి పోదు. 2000 తరువాత పుట్టిన పసివాడి రక్తంలో ఆ గుర్తు లేదంటే, వాడి చుట్టూ ఉన్న లోకంలో క్రిమి లేదన్న మాట. ఎంత తెలివైన సాక్ష్యం! 2015 అక్టోబరులో అంతర్జాతీయ నిపుణులు వచ్చి చూసిపోయినారు. 2016 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని యాస్ రహితమని ప్రకటించి, జులై 14న ఢిల్లీలో ధ్రువపత్రం అందజేసింది. నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల విషయంలో 2012లో ఆ సంస్థ వేసుకున్న ప్రణాళిక కింద యాస్ నుంచి విముక్తమైన మొదటి దేశం మనది. మేము ఉన్న రాష్ట్రం పేరు అప్పటికి తెలంగాణ.

పత్రికల్లో ఆ వార్త ఎక్కడో లోపలి పుటల్లో వచ్చింది. మశూచి పోయినప్పుడు లోకమంతా పండుగ చేసుకున్నది, పోలియో పోయినప్పుడు సినిమా నటులు టీవీలో కనబడినారు. యాస్ పోయిందని పట్నంలో ఎవరికి తెలుసు? వచ్చిందనీ తెలియదు కదా.

పపువా న్యూగినీ, సాలమన్ దీవులు, వనువాటు, ఘనా వంటి చోట్ల ఇంకా ఉన్నది. 2012లో స్పెయిన్ వైద్యుడు ఓరియోల్ మిత్యా, పపువా న్యూగినీలోని లిహిర్ దీవిలో ఒకే మోతాదు అజిత్రోమైసిన్ మాత్ర సూదితో సమానంగా పనిచేస్తుందని నిరూపించినాడు. ఇక కండరంలో పొడిచే పని లేదు. ఆ సంతోషం పూర్తిగా నిలవలేదు, ఆ మాత్రకు లొంగని క్రిమి 2018లో అదే దీవిలో వెల్లడైనది.

యాస్ పోయినా మా అడవి పిల్లల కీళ్ళకు ముప్పు తప్పలేదు. ఇది చెప్పకపోతే ఈ టపా అసంపూర్తి. మామూలు సెగగడ్డలు పుట్టించే స్టాఫైలోకాకస్ అనే క్రిమి రక్తం వెంట కీలులోకి పోతే అది యాస్ వలె ఏళ్ళ తరబడి నింపాదిగా నడవదు. కీలు చివర నున్నగా ఉండే మృదులాస్థిని కొద్ది రోజుల్లో తినేస్తుంది. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు, చెట్టు మీది నుంచి పడిన నాలుగు రోజులకు మోకాలు ఉబ్బి, జ్వరంతో మూలుగుతూ పడుకున్నాడు. పడినందుకే వాచిందని ఇంట్లో పసరు కట్టు కట్టి, నూనె రాసి తోమినారు. వారం తరువాత నాకు తెలిసి, జీపు మాట్లాడి వరంగల్లు తీసుకుపోయినాము. కీలు తెరిచి చీము తీసినారు. తొడ కండరం లోపల కూడా మరొక చీముతిత్తి ఉన్నదట. రక్తప్రసారం బాగా ఉన్న కండరంలో సాధారణంగా చీము పట్టదు, దెబ్బ తగిలిన కండరంలో పడుతుంది. తేమ దేశాల్లో ఇది ఎక్కువ. మొదటి వారం పది రోజులు తొడ కర్రలా గట్టిగా ఉంటుంది తప్ప గడ్డగా తేలదు, అందుకే బెణుకనుకొని తోముతారు. తోమితే ఇంకా పాకుతుంది. పిల్లవాడు బతికినాడు. మోకాలు మాత్రం సగం వంపులోనే నిలిచిపోయింది. ఆ తరువాత రోజూ బడి అయిపోయినాక ఇటుక కట్టిన తాడు కాలికి వేలాడదీసుకొని కండరం సాగదీసేవాడు, వైద్యులు అట్లా చెప్పినారు. పదో తరగతి పూర్తయేసరికి చాలా వరకు చాచగలిగినాడు. ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు.

ఇంకొక అరుదైనది కూడా ఉన్నది. 1911 - 12లో రంగూనులో ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, సి. ఎస్. కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు కొన్ని శవాలను పరీక్షిస్తూ కనిపెట్టిన మెలియాయిడోసిస్. దాని క్రిమి వరి మడిలో, తడి మట్టిలో ఉంటుంది. వానాకాలంలో మట్టిలో పనిచేసేవారికి, అందులోనూ చక్కెర వ్యాధి ఉన్నవారికి సోకుతుంది. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, కీళ్ళలో, కండరాల లోతుల్లో చీముగడ్డలు కడుతుంది. క్షయ అనుకొని నెలల తరబడి క్షయ మందులు వాడినవారున్నారు. పరీక్ష చేసేవారికి ఆ అనుమానం వస్తేనే అది దొరుకుతుంది. దొరికితే మందులున్నవి, సూదులు వారాల తరబడి, మాత్రలు నెలల తరబడి. ఒకప్పుడు అరుదని ఊరుకున్నారు గాని, ఇటీవలి సంవత్సరాలలో తెలుగు రాష్ట్రాల్లోనూ దీనిని గుర్తిస్తున్నారు. దీనికి ఎవరి పేరూ పెట్టకుండా ఉంటే చాలునని నా కోరిక.

‘కోయరోగం’ అన్న మాట ఇంకా వైద్య గ్రంథాల్లో, ప్రభుత్వ పత్రాల్లో, ఇతర నామాల వరుసలో అచ్చవుతూనే ఉన్నది. నిఘంటువు రాసేవాడు మాటను తీసివేయకూడదు, అది నాకు తెలుసు. దాని పక్కన ‘మైదానపువారి వ్యవహారం’ అని ఒక సూచన చేర్చవచ్చు. ఆ పెద్దాయన గూడెంలో వారు ఆ జబ్బును ఉత్త ‘పుండ్లు’ అనేవారు. మీలో శ్రీకాకుళం, విశాఖ మన్యం వైపువారు, ఆదిలాబాదు వైపువారు ఉన్నారు కదా, అక్కడి పెద్దలు ఈ పీతనడక పుండ్లను ఏమనేవారో అడిగి వ్యాఖ్యలో రాయండి. సవరలు, జాతాపులు, కొలాములు తమకు తాము పెట్టుకున్న పేరైతే ఇంకా మేలు. వినగలిగినవారు ఇంకా ఉన్నప్పుడే అడగాలి, ఆ కాళ్ళున్నవారు మా వైపు ఇక ఇద్దరో ముగ్గురో మిగిలినారు.